ఫ్యాన్ గాలి కుక్కకు ఎందుకు చాలదు? వేసవిలో పెంపుడు జంతువుల శరీరం వెనుక భౌతికశాస్త్రం

గత మే చివరి వారం, విజయవాడ. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడి ఎండ తగ్గింది. మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే మాస్టారు సాయంత్రం ఐదున్నరకు తన ఏడేళ్ల ల్యాబ్రడార్‌ని కిందికి తీసుకొచ్చారు. "వారం రోజులుగా ఇంట్లోనే ఉంది, ఇవాళ చల్లగా ఉంది కదా" అని బంతి విసరడం మొదలుపెట్టారు. పావుగంట ఆట. ఆ తర్వాత కుక్క బంతి దగ్గరే కూలబడింది. నాలుక పూర్తిగా బయటికి వేలాడుతోంది, నోటి నుంచి చిక్కటి జొల్లు కారుతోంది, లేవబోతే వెనక కాళ్లు తడబడుతున్నాయి.

అందరం పరుగెత్తాం. ఒకరు తడి తువ్వాలు తెచ్చి ఒళ్లంతా కప్పారు. ఇంకొకరు వాచ్‌మన్ గదిలోని టేబుల్ ఫ్యాన్ పట్టుకొచ్చి పెట్టారు. తర్వాత కార్లో ఎక్కించి, ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ప్రయాణం చేసి పశువైద్యుడి దగ్గరికి చేర్చాం. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక అది బతికింది. డాక్టర్ గారు మొదటిరోజే ఒక ప్రశ్న అడిగారు: "మాస్టారూ, బయలుదేరేముందు దాని మీద నీళ్లు పోశారా?" పోయలేదు. చల్లటి నీళ్లు పోస్తే షాక్ తగులుతుందని మాలో ఎవరో అన్నారు, మిగతావాళ్లం నమ్మాం.

భౌతికశాస్త్రం చదువుకున్న నేను కూడా అక్కడే నిలబడి ఉన్నాను. తువ్వాలు కప్పడం, ఫ్యాన్ పెట్టడం, "ఇవాళ చల్లగా ఉంది" అనుకోవడం, ఈ మూడూ మనిషి శరీరానికి సరిపోయే లెక్కలు. కుక్క శరీరం వేరే లెక్కతో చల్లబడుతుంది. ఆ లెక్క ఏమిటో తెలిస్తే ఎండాకాలంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

వేడి బయటికి పోయే నాలుగు దారులు

ఏ ప్రాణి శరీరమైనా నిరంతరం వేడిని తయారుచేస్తూనే ఉంటుంది. తిన్న ఆహారంలోని శక్తిలో ఎక్కువ భాగం చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడి వచ్చినంత వేగంగా బయటికి పోతే శరీర ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో అది సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అంటే మనకు జ్వరం అనిపించే ఉష్ణోగ్రత కుక్కకు మామూలే.

వేడి బయటికి పోవడానికి నాలుగు దారులున్నాయి. చల్లటి నేల మీద పడుకుంటే ఒంటి వేడి నేలలోకి పోతుంది, ఇది ఉష్ణవహనం. ఒంటిని తాకిన గాలి వేడెక్కి కదిలిపోతే అది సంవహనం. చుట్టూ ఉన్న చల్లటి గోడలవైపు కనిపించని కిరణాలుగా వేడి పోవడం వికిరణం. నాలుగోది బాష్పీభవనం. తడి ఆవిరయ్యేటప్పుడు తనకు కావలసిన గుప్తోష్ణాన్ని శరీరం నుంచే తీసుకుంటుంది.

మొదటి మూడింటికీ ఒక షరతు ఉంది. శరీరం కంటే పరిసరాలు చల్లగా ఉండాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకే ప్రవహిస్తుంది. బయట 36 డిగ్రీలు ఉంటే 39 డిగ్రీల శరీరం నుంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. బయట 44 ఉంటే దారి తిరగబడి గాలి నుంచే ఒంట్లోకి వేడి వస్తుంది. అప్పుడు మిగిలే దారి బాష్పీభవనం ఒక్కటే.

ఈ దారి ఎంత బలమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్లు కావాలి. 20 కిలోల కుక్క శరీర ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తగ్గించాలంటే సుమారు 70,000 జౌళ్ల వేడి బయటికి పోవాలి. అంటే దాదాపు 30 గ్రాముల నీరు, అర టీ గ్లాసు కూడా కాదు, ఒంటి మీద నుంచి పూర్తిగా ఆవిరైతే చాలు. కుండలో నీళ్లు చల్లబడేదీ, మనకు చెమట పట్టేదీ ఈ సూత్రం మీదే.

చెమట లేని శరీరం

మనిషికి ఒళ్లంతా చెమట గ్రంథులున్నాయి. ఒంటి మీద ఎప్పుడూ ఒక పలుచటి తడి పొర ఉంటుంది కాబట్టి ఫ్యాన్ తిరగగానే మనకు హాయిగా అనిపిస్తుంది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు. చెమట ఆవిరయ్యే వేగాన్ని పెంచుతుంది, అంతే. ఖాళీ గదిలో గోడకు తగిలించిన థర్మామీటరుకు ఎదురుగా ఫ్యాన్ పెట్టి చూడండి, పాదరసం కిందికి దిగదు. అదే థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ పెడితే కొన్ని డిగ్రీలు దిగుతుంది.

కుక్క మొదటి థర్మామీటరు లాంటిది. దానికి శరీరాన్ని చల్లబరిచే చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగున ఉండే మెత్తలలోనే ఉంటాయి. అంత చిన్న వైశాల్యం నుంచి పోయే వేడి లెక్కలోకి రాదు. పొడిగా, దట్టమైన బొచ్చుతో ఉన్న ఒంటికి ఫ్యాన్ గాలి తగిలితే, ఆ గాలి శరీరం కంటే చల్లగా ఉన్న మేరకే కొద్దిపాటి లాభం. 38 డిగ్రీల గదిలో పొడి కుక్కకు ఫ్యాన్ పెట్టి "చల్లగానే ఉందిలే" అనుకోవడం మన చెమటను దాని ఒంటికి అంటగట్టడమే.

మరి కుక్క ఎలా చల్లబడుతుంది? ఒగర్చడం ద్వారా. విశ్రాంతిలో నిమిషానికి 30 లోపు ఉండే శ్వాసల సంఖ్య ఒగర్చేటప్పుడు 300 దాటుతుంది. ఇంత వేగంగా కండరాలు కదిలితే వాటివల్లే బోలెడు వేడి పుట్టాలి కదా? ఈ ప్రశ్నకు యూజీన్ క్రాఫర్డ్ అనే పరిశోధకుడు 1962లో ప్రచురించిన పరిశీలన జవాబు చెప్పింది. కుక్క తన ఛాతీ, ఊపిరితిత్తుల సహజ పౌనఃపున్యం దగ్గరే ఒగరుస్తుంది. ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు తోస్తే కొద్దిపాటి తోపుతోనే పెద్ద ఊపు వస్తుంది. అలాగే ఇక్కడ కూడా తక్కువ శ్రమతో ఎక్కువ గాలి కదులుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని అనునాదం అంటాం.

1970లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన నట్ ష్మిట్ నీల్సన్ బృందం ఇంకో విషయం చూపింది. ఒగర్చే కుక్క గాలిని ప్రధానంగా ముక్కుతో పీల్చి నోటితో వదులుతుంది. ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న పలుచటి ఎముకల మీద తడి పొర ఉంటుంది. గాలి దాని మీదుగా పోతూ ఆవిరిని పట్టుకుంటుంది. అదే ముక్కుతో వదిలితే ఆ ఆవిరిలో కొంత మళ్లీ ముక్కులోనే నీరుగా మారి, వేడి తిరిగి శరీరానికే చేరేది. నోటితో వదలడం వల్ల ఆ నష్టం తప్పుతుంది. అంటే కుక్క ముక్కు ఒక కూలర్. తడి పొర దాని గడ్డి మెత్త, శ్వాస దాని ఫ్యాన్, తాగే నీళ్లు దాని తొట్టి.

విశాఖ, రామగుండం: ఏది ప్రమాదం?

కూలర్ వాడేవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. రామగుండంలో బాగా పనిచేసే కూలర్ విశాఖపట్నంలో గదిని జిడ్డుగా మారుస్తుంది తప్ప చల్లబరచదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కావడానికి చోటు ఉండదు. కుక్క ముక్కుకూ ఇదే ఇబ్బంది.

అంకెల్లో చూద్దాం. కుక్క వదిలే గాలి 39 డిగ్రీల దగ్గర తేమతో పూర్తిగా నిండి ఉందనుకుంటే ఒక ఘనపు మీటరులో సుమారు 48 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. రామగుండంలో 44 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 15 శాతం ఉన్న మధ్యాహ్నం బయటి గాలిలో ఘనపు మీటరుకు ఉండేది 9 గ్రాములే. తేడా 39 గ్రాములు. విశాఖలో 34 డిగ్రీలు, ఆర్ద్రత 75 శాతం ఉన్న సాయంత్రం గాలిలో అప్పటికే 28 గ్రాములుంటాయి. తేడా 20 గ్రాములు. అంటే అదే వేడిని బయటికి పంపడానికి విశాఖ కుక్క దాదాపు రెట్టింపు గాలిని ఆడించాలి. తడిబల్బు ఉష్ణోగ్రత లెక్క వేసినా ఇదే కనిపిస్తుంది. మొదటి చోట అది సుమారు 23 డిగ్రీలు, రెండో చోట 30.

రామగుండం ఎండలో కుక్క సుఖంగా ఉంటుందని దీనికి అర్థం కాదు. 44 డిగ్రీల గాలి, దాని మీద ఎండ, రెండూ ఒంట్లోకి వేడిని తోస్తాయి. కుక్క ఆ వేడినీ కలిపి బయటికి పంపాలి. అందుకు నీరు వేగంగా ఖర్చవుతుంది, తొట్టిలో నీళ్లు అయిపోతే ఆ కూలరూ ఆగిపోతుంది. నేర్చుకోవలసింది ఏమిటంటే, థర్మామీటరు అంకె ఒక్కటే చూసి "ఇవాళ ఫరవాలేదు" అనుకోకూడదు. చినుకులు పడి ఉక్కపోసే సాయంత్రం మనకు ఎండ తగ్గినట్టే ఉంటుంది. మా మాస్టారి కుక్క కూలబడింది అలాంటి సాయంత్రమే. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత పక్కనే ఉండే ఆర్ద్రత శాతాన్ని కూడా చూడండి.

ఎండ కంటే పరుగు ప్రమాదం

ఆ సాయంత్రం ఇంకో కారణం కూడా ఉంది, బంతాట. 20 కిలోల కుక్క ఊరికే పడుకున్నప్పుడు సుమారు 30 వాట్ల వేడిని తయారుచేస్తుంది. పరుగెత్తేటప్పుడు ఇది ఎన్నో రెట్లవుతుంది. స్థూలంగా ఎనిమిది రెట్లు, అంటే 240 వాట్లు అనుకుందాం. వేడి బయటికి పోయే దారులన్నీ మూసుకుపోయాయని ఊహిస్తే, పడుకున్న కుక్క ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. పరుగెత్తే కుక్కకు ఐదు నిమిషాలే. 39 నుంచి 41కి చేరడానికి పది నిమిషాలు చాలు. నిజానికి దారులు పూర్తిగా మూసుకుపోవు కాబట్టి ఇది అతి కఠినమైన లెక్క. అయినా ఉక్కపోతలో ప్రమాదం ఎంత వేగంగా దగ్గరపడుతుందో ఇది చెబుతుంది.

దీన్ని బలపరిచే ఆధారం ఎండలకు పేరులేని దేశం నుంచి వచ్చింది. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ నడిపే వెట్‌కంపాస్ అనే కార్యక్రమం పశువైద్యశాలల్లోని చికిత్స రికార్డులను సేకరిస్తుంది. 2016లో చికిత్సలో ఉన్న 9 లక్షలకు పైగా కుక్కల రికార్డులను పరిశోధకులు పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. వడదెబ్బ లాంటి వేడి జబ్బుల బారిన పడ్డ కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు కారణం నడక, పరుగు, ఆట వంటి శ్రమే. వేడెక్కిన కార్లో చిక్కుకోవడం వల్ల వచ్చినవి 5 శాతం దాకా మాత్రమే. జబ్బుపడిన కుక్కల్లో దాదాపు ఏడింటికి ఒకటి చనిపోయింది. ఇది మన కంటే ఎంతో చల్లటి దేశంలో.

ఇక్కడ కుక్క స్వభావం కూడా గుర్తుపెట్టుకోవాలి. మనిషి అలిసిపోతే ఆగిపోతాడు. ల్యాబ్రడార్ లాంటి జాతులు యజమాని బంతి విసిరినంతసేపూ పరుగెత్తుతూనే ఉంటాయి. అది తోక ఊపుతూ బంతి తెచ్చిచ్చిందంటే ఇంకా ఓపిక ఉందని కాదు. ఆట ఎప్పుడు ఆపాలో మనమే నిర్ణయించాలి.

నేలకు అడుగు ఎత్తులో వాతావరణం

వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రతను నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తున, నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటరుతో కొలుస్తారు. కుక్క ముక్కు ఉండేది నేలకు అడుగు ఎత్తులో. ఎండలో కాలిన తారు రోడ్డు 60 డిగ్రీలు దాటగలదు. ఆ రోడ్డు కింది నుంచి కుక్క పొట్ట వైపు వేడిని వికిరణం చేస్తుంటుంది, దానికి ఆనుకున్న గాలి కూడా మన ముఖం దగ్గరి గాలి కంటే వేడిగా ఉంటుంది.

పాదాల సంగతి మరీ సూటిగా ఉంటుంది. 60 డిగ్రీల వేడి నేరుగా తగిలితే చర్మం కాలడానికి ఐదారు సెకన్లు చాలని 1947లో మనిషి, పంది చర్మాల మీద జరిగిన ప్రయోగాలు చూపాయి. కుక్క అరికాలి మెత్త మందంగా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు తట్టుకుంటుంది, కానీ కాలకుండా ఉండదు. పరీక్ష తేలికే. మీ చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. చేయి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకండి. తారు, సిమెంటు పగలంతా దాచుకున్న వేడిని పొద్దుగూకాక నెమ్మదిగా వదులుతాయి. అందుకే సాయంత్రం ఆరింటి నడక కంటే తెల్లవారుజామున ఐదున్నర నడక మంచిది.

కారు గురించి కూడా ఒక మాట. ఎండ అద్దాల్లోంచి లోపలికి వచ్చి సీట్లనూ డాష్‌బోర్డునూ వేడెక్కిస్తుంది, అవి లోపలి గాలిని వేడెక్కిస్తాయి, ఆ గాలికి బయటికి దారి ఉండదు. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే. అద్దం కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. బయట 32 డిగ్రీలుంటే లోపల 50 దాటిపోతుంది. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని కుక్కను కార్లో వదిలి సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లకండి.

రేకుల షెడ్డు, మేడ మీద గూడు, ఎండ పడే బాల్కనీ కూడా దాదాపు ఇలాంటివే. కాలిన రేకు పైనుంచి వేడిని కిందికి చిమ్ముతుంది. పొద్దున నీడ ఉన్న చోట గొలుసుతో కట్టేస్తే మధ్యాహ్నానికి నీడ జరిగిపోతుంది, కుక్క జరగలేదు. జంతువును అసమంజసమైన సమయం పాటు మరీ పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం, యజమాని అయ్యుండి నీరు, ఆహారం, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ముక్కు చిన్నదైతే

ముక్కే కూలర్ అయినప్పుడు, ఆ ముక్కునే కుదించేస్తే? పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జు లాంటి చదును ముఖం జాతుల్లో జరిగిందిదే. మనుషులకు ముద్దుగా కనిపించాలని తరతరాలుగా పొట్టి ముఖాలను ఎంచి పెంచారు. ఎముక పొట్టిదైంది కానీ లోపలి మెత్తటి కణజాలం అంతగా తగ్గలేదు. ఫలితంగా ముక్కు రంధ్రాలు ఇరుకు, తడి పొర వైశాల్యం తక్కువ, గొంతులో గాలికి అడ్డంకి. ఇవి ఒగర్చడానికే ఎక్కువ శ్రమ పడాలి, ఆ శ్రమ మళ్లీ వేడిని పుట్టిస్తుంది. చాలా విమాన సంస్థలు ఈ జాతులను కార్గోలో తీసుకెళ్లడానికి ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పర్షియన్ పిల్లికీ ఇదే సమస్య. మీ పగ్ నిద్రలో పెట్టే గురక ముద్దొచ్చే అలవాటు కాదు, గాలి సరిగా ఆడట్లేదని చెప్పే గుర్తు కావచ్చు. ఒకసారి పశువైద్యుడికి చూపించండి.

లావుగా ఉన్నవి, ముసలివి, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బులున్నవి, హస్కీ, చౌచౌ లాంటి దట్టమైన బొచ్చు జాతులు కూడా ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. కొవ్వు వేడిని లోపలే పట్టి ఉంచే దుప్పటి లాంటిది కాబట్టి బరువు తగ్గించడం కూడా ఎండ నుంచి రక్షణే. బొచ్చును మాత్రం చర్మం కనపడేలా గొరిగించకండి, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. రోజూ దువ్వి ఊడిపోయిన బొచ్చును తీసేస్తే చాలు.

కూలబడితే ఏం చేయాలి?

నీడలోకి తెచ్చినా పది నిమిషాల్లో తగ్గని ఒగర్పు, చిక్కటి జొల్లు, బాగా ఎర్రబడ్డ చిగుళ్లు, తడబాటు, వాంతులు, పిలిచినా పలకకపోవడం. ఇవి వడదెబ్బ గుర్తులు. రక్త విరేచనాలు, ఫిట్స్, స్పృహ తప్పడం వచ్చాయంటే పరిస్థితి చేయి దాటుతోంది. శరీరం 41 డిగ్రీలు దాటి అక్కడే ఉంటే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. పేగు గోడ, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ, మెదడు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. ఎంత వేడెక్కిందన్నదానితో పాటు ఎంతసేపు ఆ వేడిలో ఉందన్నది కూడా ముఖ్యం. అందుకే పశువైద్య నిపుణులు ఇప్పుడు చెప్పే సూత్రం ఇది: ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి.

చేయవలసినవి వరుసగా:

1. నీడలోకి తీసుకెళ్లి నేల మీద పడుకోబెట్టండి. మెడ పట్టీ, మూతి బుట్ట తీసేయండి.

2. ఒంటి మీద నీళ్లు పోయండి. కుక్క కంటే చల్లగా ఉన్న ఏ నీళ్లైనా పనికొస్తాయి. ఒక జాగ్రత్త, మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు కాగుతూ ఉంటాయి. చేత్తో చూసి పోయండి. సంపులోని నీళ్లో, కుండలో నీళ్లో, వాటర్ క్యానులోని నీళ్లో మంచివి. నీరు బొచ్చు లోపలికి, చర్మం దాకా చేరేలా చేత్తో రుద్దండి. పొట్ట, చంకలు, గజ్జలు బాగా తడవాలి. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోనివ్వకండి.

3. ఇప్పుడు ఫ్యాన్ పెట్టండి. తడిసిన కుక్క గుడ్డ చుట్టిన థర్మామీటరు లాంటిది. ఫ్యాన్ గాలి ఇప్పుడు నిజంగా పనిచేస్తుంది. ఆరుతున్న కొద్దీ నీళ్లు పోస్తూ ఉండండి.

4. తడి తువ్వాలు మీద కప్పకండి. కొద్ది నిమిషాల్లోనే అది ఒంటి వేడికి వెచ్చబడి, గాలి తగలకుండా అడ్డుకుని, ఆవిరిని కిందే బంధిస్తుంది. కావాలంటే కింద పరవండి.

5. ఇదంతా చేస్తూనే ఇంకొకరు పశువైద్యుడికి ఫోన్ చేయాలి. కారులో ఏసీ పూర్తిగా పెట్టి, తడి ఒంటితోనే తీసుకెళ్లండి.

6. థర్మామీటరు ఉంటే మలద్వారంలో ఉష్ణోగ్రత చూడండి. 39.5 డిగ్రీలకు దిగితే నీళ్లు పోయడం ఆపండి, లేకపోతే మరీ కిందికి పడిపోవచ్చు.

7. స్పృహలో ఉండి తనంతట తాను తాగితే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వండి. బలవంతంగా నోట్లో పోయకండి.

చల్లటి నీళ్లు చర్మం దగ్గరి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి వేడిని లోపలే ఆపేస్తాయన్న భయం చాలామందిలో ఉంది. రక్తనాళాలు కొంత ముడుచుకున్నా, నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా మెరుగ్గా వేడిని తీసుకుపోతుంది కాబట్టి మొత్తం మీద శరీరం వేగంగానే చల్లబడుతుంది. బ్రిటన్‌లో ఈ భయం ఎంత నష్టం చేస్తోందో కూడా లెక్క తీశారు. వేడి జబ్బుతో వచ్చిన కుక్కల్లో ఆసుపత్రికి బయలుదేరేముందు చల్లబరిచినవి దాదాపు ఐదింటికి ఒకటే. మేం చేసిన తప్పే అక్కడా చేస్తున్నారు.

ఒళ్లు కాలుతోందని పారాసిటమాల్ మాత్ర మాత్రం ఇవ్వకండి. జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రత పరిమితిని పెంచుకుంటుంది, మాత్ర ఆ పరిమితిని దించుతుంది. వడదెబ్బలో ఆ పరిమితి మారదు, వేడి బయటికి పోలేక పేరుకుపోతుంది. కాబట్టి మాత్రకు అక్కడ పనే లేదు. పైగా పిల్లి కాలేయం పారాసిటమాల్‌ను సరిగా విడగొట్టలేదు, ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్ కుక్కకు, పిల్లికి రెండింటికీ విషమే.

కుక్క లేచి తిరిగి తోక ఊపినా అదే రోజు వైద్యుడికి చూపించాలి. మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్న సంగతి ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడవచ్చు. మా మాస్టారి కుక్క మొదటి రాత్రే లేచి నిలబడింది. రక్తపరీక్షలో మూత్రపిండాల సమస్య తెలిసింది మర్నాడు.

పిల్లులు, పక్షులు, చేపలు

పిల్లి తన ఒంటిని నాకుతూ లాలాజలంతో తడిపి చల్లబరుచుకుంటుంది. మామూలుగా ఒగర్చదు. నోరు తెరిచి ఒగరుస్తున్న పిల్లి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పక్షులకు చెమట గ్రంథులు లేవు. రెక్కలను ఒంటికి ఎడంగా పట్టుకుని ముక్కు తెరిచి ఆయాసపడుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. పంజరాన్ని కిటికీ ఎండ నుంచి జరిపి, వెడల్పాటి మూకుట్లో స్నానానికి నీళ్లు పెట్టండి. కుందేలు పెద్ద చెవుల్లోని రక్తనాళాల ద్వారా వేడిని వదులుతుంది. గాలి వేడిగా ఉంటే ఆ దారి పనిచేయదు కాబట్టి దానికి చల్లటి గది తప్పనిసరి. కరెంటు పోతే నీళ్లు గడ్డకట్టించిన సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, అదే వచ్చి ఆనుకుని పడుకుంటుంది.

అక్వేరియం చేపల సమస్య ఆక్సిజన్. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 దాకానే. అదే సమయంలో వేడికి చేప జీవక్రియ పెరిగి ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి పంపు వేగం పెంచండి, మేత తగ్గించండి. ఐస్ ముక్కలు ఒకేసారి వేయకండి.

రోజూ పాటించవలసినవి

నడకను సూర్యోదయానికి ముందుకు మార్చండి. ఉక్కపోసే రోజున ఆట వద్దు, అవసరాలు తీర్చుకోవడానికి బయటికి తిప్పితే చాలు. నీళ్ల గిన్నెలు రెండు చోట్ల, నీడలో పెట్టండి. ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది. మధ్యాహ్నం నేల మీద కాసిని నీళ్లు చల్లి ఫ్యాన్ పెడితే కడప బండ, షాబాదు బండ, టైల్స్ ఏవైనా చల్లబడతాయి. కుక్క దాని మీద పొట్ట ఆనించి పడుకుంటే ఉష్ణవహనం తన పని తాను చేస్తుంది. ఇంట్లో ఏసీ లేకపోయినా, కరెంటు లేకపోయినా నీళ్లూ గాలీ ఈ లెక్కలో సగం పని చేస్తాయి. వీధి కుక్కల కోసం గేటు పక్కన నీడలో ఒక మట్టి తొట్టి పెట్టి రోజూ నీళ్లు మార్చండి.

పశువైద్యుడి ఫోన్ నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి చిరునామా ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు వాచ్‌మన్ గది బయట ఒక బకెట్, మగ్గు, నీళ్లు నింపిన డ్రమ్ము నీడలో ఉంటాయి. మాస్టారు పెట్టించారు. పక్కన గోడ మీద ఆయన చేతిరాతతో ఒక కాగితం ఉంది: "ముందు నీళ్లు, తర్వాత ఫ్యాన్, ఆ తర్వాతే కారు."